పసుపు కాని పచ్చ

మలీదా పళ్లెం గదిలోకి వచ్చేసరికి జాహెదా నోట్లో నీళ్లూరాయి.

వేడి చపాతీలు నలిపి, బెల్లమూ నెయ్యీ కలిపి, పైన కొబ్బరి తురుము చల్లిన మలీదా అది. అమ్మీ ఆ పళ్లెం తెచ్చి అబిదా ముందు పెట్టింది.

"ఇదంతా తినాల, తెలిసిందా? క్రోసూరు వాళ్లొచ్చి చూస్తే పుల్లలాగా ఉందంటారు," అంది. తర్వాత జాహెదా వైపు తిరిగింది. "ఏమే, దగ్గర కూర్చుని తినిపించు. పళ్లెం ఖాళీ అయ్యేదాకా లెగవనియ్యమాక."

అలా చెప్పి వంటింట్లోకి పరుగెత్తింది. పెళ్లింట్లో అమ్మలకు నడక ఉండదు, పరుగే.

అబిదా జాహెదాకు అక్క. జాహెదా ఆమెను ఆపా అని పిలుస్తుంది. ఇద్దరికీ ఒక తమ్ముడు, మజీద్. వాళ్ల అబ్బా, అంటే నాన్న, మౌలాలీ నడికుడి స్టేషనుకూ దాచేపల్లికీ మధ్య జట్కా తోలుతాడు. అబిదాకు క్రోసూరు సంబంధం కుదిరింది. పెళ్లి దగ్గరపడింది.

వాళ్ల ఇళ్లలో పెళ్లికి ముందు పెళ్లికూతురిని మాంజాలో కూర్చోబెడతారు. పసుపుపచ్చ బట్టలు కట్టించి, రోజూ ఒంటికి పసుపు పూసి, ఓ మూల గదిలో పరదా వెనక ఉంచుతారు. పెళ్లిదాకా ఆమె బయటికి రాకూడదు. ముసుగు వేసుకుని తల వంచుకుని కూర్చోవాలి. నలుగురిలో నోరు మెదపకూడదు. క్షణం కూడా నోరు మూసుకోలేని అబిదాకు అది పెద్ద శిక్షే.

పెళ్లికూతురికి తోడుగా ఒక చిన్నపిల్లను కూర్చోబెట్టడం వాళ్లింటి ఆనవాయితీ. ఆ తోడు జాహెదాయే. ఆమెకు పదేళ్లు. బడికి వేసవి సెలవులు. అక్కతోపాటు తనకూ మొహానికీ చేతులకీ పసుపు పూస్తుంటే తనే పెళ్లికూతురన్నంత గొప్పగా ఉండేది.

పరదా దించిన ఆ గది పగలు కూడా చీకటిగానే ఉండేది. అది పందొమ్మిది వందల నలభై ఆరు. యుద్ధం అయిపోయినా కిరసనాయిలు ఇంకా కంట్రోలులోనే దొరుకుతోంది. అందుకని దీపం వత్తి బాగా తగ్గించి పెట్టేవారు.

"తిను ఆపా," అని జాహెదా పళ్లెం ముందుకు జరిపింది.

అబిదా మొహం పక్కకు తిప్పుకుంది. "వద్దే. ఆ నెయ్యి వాసనకే కడుపులో తిప్పుతుంది."

"అమ్మీ తిడుద్ది."

"నువ్వు తినెయ్. పళ్లెం ఖాళీగా పోతే ఎవరూ ఏమీ అడగరు."

మలీదాను కాదనడానికి జాహెదాకేమన్నా పిచ్చా? అక్క ఒక ముద్ద కొరికి వదిలేసిన దగ్గర్నుంచి మొదలుపెట్టి పళ్లెం నాకేసింది.

అమ్మీ వచ్చి ఖాళీ పళ్లెం చూసి సంబరపడింది. "తినిందా?"

"మొత్తం!" అంది జాహెదా. తిన్నది ఎవరో అమ్మీ అడగలేదు కదా, మరి!

ఆ రోజు మొదలు అదే వరస. అబిదా కోసం చుట్టాలు తెచ్చిన సేమ్యా, పూరీలు, పాయసం అన్నీ జాహెదా పొట్టలోకే పోయాయి. అక్క ఒక గుక్క తాగి పక్కన పెట్టిన మజ్జిగ కూడా అదే గ్లాసుతో తాగేసేది. తోడు పెళ్లికూతురి బుగ్గలు నిండాయి. అసలు పెళ్లికూతురి బుగ్గలు లోపలికి పోయాయి.

అబిదా రోజంతా గోడకు జారగిలబడి ఉండేది. "అత్తారింటికి పోవాలని బెంగ. మేమంతా పడలా?" అంది వాళ్ల నాన్నమ్మ, దాదీ బషీరున్నీసా. ఒళ్లు వెచ్చగా ఉందంటే, "ఎండలు అట్టా ఉన్నయ్యి మరి," అంది అమ్మీ. పసుపు రోజురోజుకీ బాగా పడుతోందని వీధిలో ఆడవాళ్లంతా మెచ్చుకున్నారు. పెద్దవాళ్ల దగ్గర ప్రతిదానికీ ఒక జవాబు తయారుగా ఉంది.

ఒకరోజు పొద్దున జాహెదా అక్క వెంట చెంబు పట్టుకుని దొడ్లోకి వెళ్లింది. తడిక చాటు నుంచి అబిదా బయటికి వచ్చాక, బండమీద పారిన మూత్రం చూసి జాహెదా ఆగిపోయింది. అది కుంకుడురసం రంగులో ఉంది.

"ఆపా, ఏంది ఈ రంగు?"

"వేడి చేస్తే అట్టాగే అయిద్ది. గమ్మునుండు," అని అబిదా చెంబెడు నీళ్లు దానిమీద పోసేసింది.

ఆ మధ్యాహ్నం అబిదా జడ వేసుకోవడానికి చిన్న అద్దం తీసింది. జాహెదా కూడా పక్కనుంచి మొహం దూర్చింది. అప్పుడే గాలికి పరదా పైకి లేచి, గదిలోకి ఎండ పడింది.

అద్దంలో రెండు పచ్చటి మొహాలు. జాహెదాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

జాహెదా కళ్లలో తెల్లగుడ్డు తెల్లగా ఉంది. ఆపా కళ్లలో తెల్లగుడ్డు తెల్లగా లేదు. అది కూడా పచ్చగా ఉంది.

పసుపు కంట్లో పడిందేమో అనుకుంది జాహెదా. కానీ పసుపు కంట్లో పడితే మండాలి, నీళ్లు కారాలి. తనకు నిన్ననే పడి ఒకటే ఏడ్చింది. ఆపా మాత్రం కళ్లు తెరుచుకుని ఊరికే చూస్తోంది.

"ఆపా, నీ కళ్లు..."

అబిదా అద్దాన్ని బోర్లా పెట్టేసింది. ఆమెకు అప్పటికే తెలుసు. జాహెదాకు ఒక్కసారిగా భయం వేసింది.

"కామెర్లా, ఆపా?"

"నెమ్మదిగా మాట్లాడవే!" అబిదా చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి కాలిపోతోంది. "ఎవరికీ చెప్పమాక. దాదీ మణికట్టు మీద మచ్చ చూశావా? కామెర్లొస్తే కాల్చిన ఇనప్పుల్లతో వాత పెడతారు. నేను తట్టుకోలేనే."

దాదీ మణికట్టు మీద ముడుచుకుపోయిన గుండ్రటి మచ్చ జాహెదాకు బాగా తెలుసు. చిన్నప్పుడు దాన్ని తడుముతూ నిద్రపోయేది. అది ఎట్లా వచ్చిందో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఇంకోటి," అంది అబిదా. "కామెర్ల పిల్లని క్రోసూరు వాళ్లు చేసుకుంటారా? పెళ్లి ఆగిపోద్ది. అబ్బా నలుగురిలో తలెత్తుకోగలడా? పెళ్లయ్యేలోపు దాంతట అదే తగ్గిపోద్దిలే. నా తలమీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి."

జాహెదా పరదా వైపు ఒకసారి చూసింది. అయినా అక్క తలమీద చెయ్యి పెట్టి, "ఎవరికీ చెప్పను, ఒట్టు," అంది.

పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఈ ఇంట్లో అది తిరగబడింది. బట్టలు పచ్చన, మొహం పచ్చన, చేతులు పచ్చన. ఇంత పచ్చదనంలో కామెర్లు ఎవరికీ కనిపించలేదు. కనిపించిన పిల్ల నోటికేమో ఒట్టు తాళం వేసింది.

ఆ తర్వాత జాహెదాకు ఏ తీపీ రుచించలేదు. అయినా పళ్లెం ఖాళీ చేయక తప్పదు. కళ్లు మూసుకుని మింగేసేది. అమ్మీ "తినిందా?" అని అడిగినప్పుడల్లా తలూపేసి పారిపోయేది.

ఆమెకు వెనకవీధిలో జరిగింది గుర్తొచ్చింది. పోయిన ఎండాకాలం ఆ వీధిలో ఒక కోడలికి కామెర్లు ముదిరాయి. చివరికి తన బిడ్డనే గుర్తుపట్టలేదట. నిద్రలో ఉన్నట్టే ఉండి చనిపోయింది. ఆ మాటలు పెద్దవాళ్లు గుసగుసగా చెప్పుకుంటుంటే జాహెదా తలుపు చాటున విన్నది.

ఆగలేక ఒకసారి దాదీ దగ్గర చేరింది. "దాదీ, కామెర్లొస్తే అందరూ చచ్చిపోతారా?"

దాదీ చేతిలో తమలపాకు కిందపడింది. "పెళ్లింట్లో ఏం మాటలే అవి! పో, నోరు కడుక్కుని రా."

జాహెదా వెళ్లి నోరు కడుక్కుంది. భయం మాత్రం కడిగితే పోలేదు.

క్రోసూరు ఆడవాళ్లు పసుపు తీసుకుని వచ్చే రోజు రానే వచ్చింది. ఆ రోజు పొద్దున్నుంచి అబిదా కడుపులో మంచినీళ్లు కూడా నిలవలేదు. తాగడం, వాంతి చేసుకోవడం. జాహెదా ఎవరూ చూడకుండా ఆ గిన్నె తీసుకెళ్లి దొడ్లో పారబోసి వచ్చింది. ఇంటినిండా డోలక్ మోత, పాటలు. ఆ గోలలో లోపలి గది సంగతి ఎవరికీ వినపడలేదు.

ఎండ నడినెత్తికి వచ్చాక అమ్మీ పరదా బయటి నుంచే కేకేసింది. "జాహెదా! మీ ఆపా ముసుగు సర్దు. వాళ్లొచ్చేశారు."

"ఆపా, లెగు. వాళ్లొచ్చారంట."

అబిదా కళ్లు తెరవలేదు. జాహెదా భుజం పట్టుకుని ఊపింది. చాలాసేపటికి అబిదా సగం కళ్లు తెరిచి, "తెల్లారిందా?" అంది.

"మధ్యాహ్నం, ఆపా!"

"బిందె తీసుకురా. చెలమ దగ్గరికి పోదాం." నాగులేటి ఇసకలో తవ్విన చెలమ నుంచి అక్కాచెల్లెళ్లు పొద్దున్నే నీళ్లు తెచ్చేవారు. కానీ అది మాంజాకు ముందు సంగతి. అబిదా మళ్లీ కళ్లు మూసుకుంది.

వెనకవీధి కోడలు కూడా చివరికి ఇట్లాగే కదా అయింది!

ఇంతలో పరదా తొలగించుకుని ఆడవాళ్లంతా లోపలికి వచ్చేశారు. ముందు కాబోయే అత్తగారు సుల్తానా. నిలువెత్తు మనిషి, ఖంగుమనే గొంతు. అమ్మీ గబగబా అబిదాను లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టింది. తల దానంతటదే వాలిపోయింది. పెళ్లికూతురు తల వంచుకోవడం మంచి లక్షణమే కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదు.

సుల్తానా గిన్నెలోంచి పసుపు తీసి అబిదా చేతికి రాసింది. చెయ్యి దీపం దగ్గరికి జరిపి చూసి నవ్వింది. "అబ్బో, మా కోడలికి పసుపు ఎంత బాగా పట్టిందో! బంగారంలా ఉంది."

"సిగ్గెక్కువ మా పిల్లకి," అంది దాదీ. అందరూ నవ్వారు.

జాహెదా నవ్వలేదు. మూలకు నక్కి ఒట్టు గురించే ఆలోచిస్తోంది. తలమీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టు తప్పితే ఆ తల ఎవరిదో వాళ్లు చచ్చిపోతారు. ఊళ్లో పిల్లలందరికీ తెలిసిన సంగతే అది. చెబితే ఒట్టు తప్పి ఆపా చచ్చిపోతుంది. చెప్పకపోతే కామెర్లతో చచ్చిపోతుంది.

ఎటు తిరిగినా ఆపా చచ్చిపోతుంది.

అప్పుడు అబిదా పక్కకు ఒరిగింది. మెల్లగా, గోడ వెంట జారింది. "అలిసిపోయింది పాపం," అన్నారెవరో.

అంతే. జాహెదా లేచి పరదా రెండు చేతులతో పట్టుకుని లాగింది. కట్టిన తాడు తెగింది. ఎండ భళ్లున గదిలో పడింది.

"ఏం చేస్తన్నావే!" అమ్మీ అరిచింది.

జాహెదా అక్క ముసుగు ఎత్తేసింది. మగపెళ్లి వాళ్లముందు పెళ్లికూతురి ముసుగు ఎత్తడం! అమ్మీ చెయ్యి లేచింది. చెంప పేలిపోయిందని జాహెదాకు తర్వాత గుర్తొచ్చింది కానీ అప్పుడు నొప్పి తెలియలేదు.

"అది పసుపు కాదు!" అని ఏడుస్తూ అరిచింది. "కళ్లు చూడండి! ఆపా కళ్లు చూడండి! కామెర్లు!"

డోలక్ ఆగిపోయింది. సుల్తానా వంగి, బొటనవేలితో అబిదా కింది రెప్ప లాగి చూసింది. ఎండ వెలుగులో ఆ పచ్చదనం అందరికీ కనిపించింది.

ముందు తేరుకున్నది దాదీ. "పొయ్యిలో ఇనప్పుల్ల పెట్టండే. ఒక్క వాత పెడితే దిగిపోద్ది. నాకట్టాగే తగ్గింది."

"వద్దు!" అంది సుల్తానా. ఆ గొంతుకు దాదీ కూడా ఉలిక్కిపడింది. "మా తమ్ముడికి వాత పెట్టి కూర్చున్నాం, అత్తా. వాత మానింది. తమ్ముడు మిగల్లా." ఆమె అబిదా తలను ఒళ్లోకి తీసుకుంది. "ఏంది అట్టా చూస్తన్నారు? బండి కట్టమనండి, మిషన్ ఆసుపత్రికి!"

జట్కాలో అబిదా తల అమ్మీ ఒడిలో, కాళ్లు జాహెదా ఒడిలో. అబ్బా ఎప్పుడూ గుర్రాన్ని కొట్టడు. ఆ రోజు కొరడా మోత దారంతా వినిపించింది. జాహెదా అక్క పాదాలు పట్టుకుని, 'అల్లా, ఒట్టు తప్పింది నేను. ఆపాని ఏమీ చెయ్యొద్దు' అని లోపల్లోపల వేడుకుంటూనే ఉంది. ఆ పాదాలు చల్లబడ్డాయేమోనని మాటిమాటికీ తడిమి చూసింది.

మిషన్ ఆసుపత్రిలో డాక్టరమ్మ ఫిలోమినా అబిదాను కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టించింది. కళ్లు చూసింది. కుడివైపు పక్కటెముకల కింద నొక్కితే అబిదా మూలిగింది.

"ఎన్నాళ్ల నుంచి తిండి తినడం లేదు?"

"నిన్నటిదాకా బాగానే తినిందమ్మా," అంది అమ్మీ. "ఏది పెట్టినా పళ్లెం ఖాళీయే."

డాక్టరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. "అలా ఉండదే. బాగా తింటూ ఉంటే ఇంత నీరసం రాదు. సరిగా గుర్తు చేసుకోండి. మీరు చెప్పేదాన్ని బట్టే నేను వైద్యం చేయాలి."

జాహెదా మంచం కోడు వెనక దాక్కుంది. నేల తనను మింగేస్తే బాగుండుననిపించింది. అమ్మీ వైపు చూడకుండా, "నేను తిన్నా," అంది.

"ఏందీ?"

"మలీదా, సేమ్యా, అన్నీ నేనే తిన్నా. ఆపా తినలా. మొదట్నుంచీ తినలా. నెయ్యి వాసనకి వాంతి వచ్చేది. మూత్రం కుంకుడురసం మాదిరి ఉండేది. ఒళ్లు దురదని గోక్కునేది. పొద్దున్నుంచి నీళ్లు కూడా ఆగలా. నిద్రపోతానే ఉంది." ఒక్క ఊపిరిలో చెప్పేసి వెక్కివెక్కి ఏడ్చింది.

అమ్మీ చెయ్యి ఈసారి లేవలేదు. ఆమె చెంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. జాహెదాకు చెంపదెబ్బ కంటే అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

డాక్టరమ్మ తిట్టలేదు. నర్సును పిలిచి సూది, గ్లూకోజు సీసా తెమ్మంది. పని చేస్తూనే జాహెదాతో మాట్లాడింది.

"ఇక్కడ, కుడివైపున కాలేయం ఉంటుంది. దానికి జబ్బు చేస్తే ముందు ఆకలి పోతుంది. నీరసం, వాంతులు వస్తాయి. మూత్రం ముదురు రంగులోకి మారుతుంది. తర్వాత కళ్లు పచ్చబడతాయి. నువ్వు అవన్నీ చూశావు. చూసి దాచావు."

జాహెదా తల వంచుకుంది.

"దీపం వెలుగులో ఈ పచ్చదనం తెలియదు. పగటి వెలుతురులోనే చూడాలి. పరదా లాగింది నువ్వేనట కదా? మీ నాన్న చెప్పాడు." డాక్టరమ్మ గొంతు కాస్త మెత్తబడింది. "ఇంకా ఆలస్యమైతే నేనేమీ చేయలేకపోయేదాన్ని."

"ఇప్పుడు బతుకుద్దా?" అని అడిగింది జాహెదా.

డాక్టరమ్మ అబిదా నాడి పట్టి చూసింది. "ఆ నిద్రమత్తు దిగాలి. చూద్దాం," అంది. తర్వాత జాహెదా వైపు తిరిగి, "అక్క ఎంగిలి తిన్నావు కదా? ఈ జబ్బు ఎంగిలితో, చెడ్డ నీళ్లతో, కడగని చేతులతో అంటుకుంటుంది. ఒకవేళ నీకు అంటినా ఇప్పుడే తెలియదు. కొన్ని వారాలు పడుతుంది. నిన్ను నువ్వు కనిపెట్టుకుని ఉండు," అంది. అమ్మీతో చెలమ నీళ్లు మరగబెట్టకుండా తాగొద్దని, పిల్లల పళ్లేలూ గ్లాసులూ వేరుగా పెట్టమని చెప్పింది.

ఆ తర్వాత ఎదురుచూడటమే. సీసాలోంచి చుక్కచుక్కా దిగుతున్న నీళ్లను చూస్తూ అబ్బా నిలబడ్డాడు. మర్నాడు కూడా అబిదా కళ్లు తెరిచేది, మూసేది. పిలిస్తే ఊ అనేది. అంతే. జాహెదా మాత్రం మంచం వదల్లేదు. ఎవరన్నా కదిలితే చాలు, ఉలిక్కిపడేది. భయం ఎంత పెద్దదంటే, ఆకలి కూడా దాని ముందుకు రావడానికి జంకింది.

ఆ పై రోజు ఎండ కిటికీలోకి వచ్చే వేళకు అబిదా చెయ్యి కదిలింది. చెల్లెలి జడ పట్టుకుని చిన్నగా లాగింది.

"ఏందే ఆ మొహం? పసుపు కూడా కడుక్కోలా?"

జాహెదా రెండు చేతులతో మొహం తుడుచుకుంది.

"ఒట్టు తప్పావంట?" అంది అబిదా, నీరసంగా.

"తప్పా."

"చూడు. చచ్చానా?"

జాహెదా అక్క చెయ్యి పట్టుకుని నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది. పక్కన అమ్మీ కూడా అంతే.

పెళ్లి రంజాన్ తర్వాతకు వాయిదా పడింది. క్రోసూరులో పెళ్లికొడుకు చిన్నాన్న ఒకాయన కామెర్ల పిల్ల మనకెందుకని గొణిగాడట. "నీకు కాదులే చేసేది," అని సుల్తానా అక్కడికక్కడే నోరు మూయించిందట. అబిదా ఇంటికి వచ్చింది. జావ, మజ్జిగ, చెరుకురసం తాగుతూ పడుకుని లేస్తూ మెల్లగా కోలుకుంది. ఇంట్లో నీళ్లు మరుగుతూనే ఉండేవి. కట్టెలన్నీ నీళ్లకే అయిపోతున్నాయని దాదీ సణిగేది. సణుగుతూనే ఇంకో కట్టె పొయ్యిలోకి తోసేది.

సెలవులు అయిపోయాయి. బడి తెరిచారు. వాన ఒకటి పడి వెలిసింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం జాహెదా అన్నం ముందు కూర్చుంది. పళ్లెంలో మామిడిపండు ముక్కలు కూడా ఉన్నాయి. సీజను చివరి పండ్లు. ఇంకోరోజైతే ఆ ముక్కలు పళ్లెంలో పడకముందే ఆమె నోట్లో ఉండేవి. ఇప్పుడు ఆ వాసన తగలగానే కడుపులో తిప్పింది.

నిన్న బడిలో కూడా ఆకలి వేయలేదు. పొద్దున మెట్లెక్కుతుంటే కాళ్లు లాగాయి. ఇందాక దొడ్లో మూత్రం రంగు చూసి, చూడనట్టే వచ్చేసింది.

లోపలి గదిలో అబిదా కొత్త రవికె కుట్టుకుంటోంది. కొత్త పెళ్లి తేదీ అడగడానికి సుల్తానా రేపు వస్తోంది. మళ్లీ ఈ ఇంట్లో కామెర్లని తెలిస్తే ఆ చిన్నాన్న ఏమంటాడో! దాదీ ఇనప్పుల్ల ఇంకా పొయ్యి పక్కనే ఉంది. ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటే? రేపు వాళ్లొచ్చి వెళ్లిపోయేదాకా ఊరుకుంటే?

అంతలో తమ్ముడు మజీద్ వచ్చాడు. వాడికి ఐదేళ్లు. జాహెదా తినకుండా కూర్చోవడం చూసి, "నువ్వు తినవా? నాకియ్యి," అంటూ పళ్లెంలో చెయ్యి పెట్టబోయాడు.

జాహెదా ఒక్క ఉదుటున పళ్లెం లాగేసుకుంది.

మజీద్ కిందపడి గుక్కపట్టి ఏడ్చాడు. వంటింట్లోంచి అమ్మీ కేకేసింది. "ఏమే! తినకపోతే వాడికియ్యొచ్చుగా! అంత పిసినారితనం ఏందే?"

"ఇయ్యను అమ్మీ," అంది జాహెదా. పళ్లెం గుండెకు హత్తుకుని లేచి, తమ్ముడికి అందకుండా దూరంగా నడిచింది. వాకిట్లో ఎండ పడేచోట నిలబడింది. "ఇయ్యను. నువ్వు ముందు ఇటు రా. నా కళ్లు చూడు."

అమ్మీ చేతిలో గరిటె అలాగే పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది. జాహెదా మొహం పైకెత్తి, కళ్లు పెద్దవిగా తెరిచింది. ఎండ గుచ్చుకుంటున్నా, నీళ్లు కారుతున్నా రెప్ప వెయ్యలేదు.